బతికి బయటపడినవారి కథ: నవలలో కల్పనకు హద్దు ఎక్కడ?

నాజీల యూదు మారణహోమం 'హోలోకాస్ట్' నుంచి ప్రాణాలతో బయటపడినవారి సంఖ్య ఏటేటా తగ్గిపోతోంది. వారి అనుభవాలను కొత్త తరాలకు అందించే బాధ్యతలో కొంత ఇప్పుడు చారిత్రక నవలపై పడింది. మరి జరిగిన చరిత్రలో కల్పనకు ఎంత చోటివ్వాలి? ఆ కాలానికే చెందిన గుజరాత్ ఉదంతం ఒకటి ఈ ప్రశ్నకు సమాధానం చూపుతుంది.

1942లో నవానగర్ పాలకుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ పోలండ్ శరణార్థి బాలలకు ఆశ్రయమిచ్చారు. జామ్‌నగర్ సమీపాన బాలాచడీలో వారికి శిబిరం ఏర్పాటు చేశారు. ఇరాన్ మీదుగా భారత్ చేరిన తొలి బృందం కొంతకాలం బొంబాయిలో ఉండి, ఆ తరువాత అక్కడికి వెళ్లింది.

బొంబాయి నుంచి గుజరాత్‌లోకి సాగే ప్రధాన రైలు మార్గంలో సూరత్ ఉంది. ఒక రచయిత ఆ బృందంలో ఒక బాలికను ఊహించి, సూరత్ స్టేషన్‌లో ఎవరో ఆమెకు మంచినీళ్లు అందించినట్లు రాశారనుకుందాం. పిల్లలు ఏ మార్గంలో ప్రయాణించారో ముందుగా రికార్డులతో సరిచూసుకోవాలి. ఆపైన ఆ దాహం, ఆ బెరుకు, భాష తెలియని ఆ కృతజ్ఞత కల్పనకు చెందినవే. అయితే ఆ బాలిక ఆష్విట్జ్ నుంచి తప్పించుకుని వచ్చిందని రాస్తే మాత్రం చరిత్ర తారుమారవుతుంది. ఈ బాలల కుటుంబాలను 1940, 41 సంవత్సరాలలో తూర్పు పోలండ్ నుంచి సుదూర ప్రాంతాలకు తరలించింది సోవియట్ ప్రభుత్వం, నాజీలు కాదు. రెండూ ఘోరాలే, కానీ రెండూ ఒకటి కావు.

ఆస్ట్రేలియా రచయిత థామస్ కెనీలీ 1980లో అమెరికాలోని ఒక తోలు వస్తువుల దుకాణంలో పోల్డెక్ ఫెఫర్‌బర్గ్ నోట షిండ్లర్ కథ విన్నారు. ఒక్కరి మాటతో సరిపెట్టుకోలేదు. షిండ్లర్ రక్షించిన 50 మందిని ఏడు దేశాలలో కలుసుకున్నారు. అలా రూపొందిన 'షిండ్లర్స్ ఆర్క్' 1982లో బుకర్ బహుమతి పొందింది. ఇందుకు భిన్నంగా, లాలె సొకొలోవ్ జ్ఞాపకాల ఆధారంగా హెదర్ మోరిస్ రాసిన 'ది టాటూయిస్ట్ ఆఫ్ ఆష్విట్జ్' 2018లో వెలువడి విశేష ఆదరణ పొందినా, అందులోని వాస్తవ దోషాలను ఆష్విట్జ్ స్మారక కేంద్రం ఎత్తిచూపింది.

దశాబ్దాల తరువాత చెప్పే జ్ఞాపకంలో తేదీలు, అంకెలు తడబడటం సహజం. అది బాధితుల తప్పు కాదు. వాటిని సరిచూడటం రచయిత పని. హోలోకాస్ట్ జరగనే లేదని వాదించేవారు ఒక్క తప్పుడు అంకెను పట్టుకుని మొత్తం సాక్ష్యాన్నే అబద్ధమంటారు. నష్టం నవలకు కాదు, మాట్లాడటానికి ఇక మిగలని వారికి.

అందువల్ల ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేత అన్నవి మార్చరానివి. రికార్డులు చెప్పలేని మనసులోని మాట కల్పనకు దక్కుతుంది. ఏది చరిత్రో, ఏది ఊహో పుస్తకం చివర స్పష్టంగా చెప్పడం పాఠకునికి రచయిత చెల్లించవలసిన బాకీ.