క్రిస్మస్ విందుకు ముందుగా చేసి ఉంచుకొనే చిరువంటలు

క్రిస్మస్ నాడు పాడి ఉన్న ఇంటి ఇల్లాలికి రెండు చేతులూ చాలవు. తెల్లవారుజామున పాలు పితికి సొసైటీకి పోయాలి. ఏ పండుగ వచ్చినా ఆ పని ఆగదు. తరువాత అందరితోపాటు ఆరాధనకు వెళ్లాలి. తిరిగి వచ్చేసరికి బంధువులు వచ్చి కూర్చుంటారు. అన్నం, మాంసం కూరలు సిద్ధమయ్యేలోగా వారి ముందు ఏదో ఒకటి పెట్టాలి. ఆ వేళ పొయ్యి దగ్గర నిలబడితే పండుగ అందరిదీ అవుతుంది గాని ఆమెది కాదు.

మన ప్రాంతానికి క్రిస్మస్ కొత్త పండుగ కాదు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన కుష్ఠువ్యాధి ఆసుపత్రి మన జిల్లాలో అందరూ ఎరిగినదే. మెదక్ పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొన్నది. నేటికీ క్రిస్మస్ నాడు చుట్టుపక్కల జిల్లాల నుండి అక్కడికి జనం తరలి వెళుతుంటారు. అటువంటి ప్రయాణం పెట్టుకొన్న కుటుంబాలకు ముందుగా చేసి ఉంచుకొనే వంటలు మరీ అవసరం.

అయితే ఏ వంటను ఎన్ని రోజుల ముందు చేయవచ్చును? దీనికి ఒకే సూత్రం ఉన్నది. పదార్థంలో తడి ఎంత తక్కువ ఉంటే అన్ని రోజులు నిలుస్తుంది. తడి ఉన్నది చల్లగా ఉండాలి, లేదా పుల్లగా ఉండాలి. ఈ సూత్రం ప్రకారం మూడు వంటలు ఇక్కడ చెబుతున్నాము.

1. వెన్న మురుకులు (నాలుగైదు రోజుల ముందు)

కావలసినవి: బియ్యపు పిండి 1 కిలో, సెనగపిండి పావు కిలో, ఇంటి వెన్న 100 గ్రాములు, నువ్వులు, వాము, కారం, తగినంత ఉప్పు, కాచే నూనె.

వెన్నను ముందుగా పొడిపిండిలో వేసి రెండు చేతులతో బాగా రుద్దాలి. తరువాతనే నీరు పోసి కలపాలి. వెన్న ఎక్కువైతే మురుకులు నూనెలో విడిపోతాయి, తక్కువైతే గట్టిపడతాయి. సన్నని మంటపై నూనెలో నురుగు తగ్గేవరకు కాల్చాలి. నురుగు వస్తున్నంతసేపు లోపల తడి ఉన్నదన్నమాట. పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై మురుకులు మెత్తబడతాయి.

2. గట్టి పెరుగు పచ్చడి (ముందు రోజు)

23వ తేదీ రాత్రి 2 లీటర్ల పాలు కాచి, గోరువెచ్చగా అయిన తరువాత తోడు వేయండి. 24న ఆ పెరుగును శుభ్రమైన పలుచని గుడ్డలో మూటగట్టి నాలుగు గంటలు వేలాడదీయండి. నీరు దిగిపోయి దాదాపు సగానికి తగ్గుతుంది. దానిలో కొత్తిమీర, పుదీన, పచ్చిమిర్చి మెత్తగా నూరి కలిపి ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రిజ్ లేనివారు మూటను 24 రాత్రి చలిలో వేలాడదీసి, ఉదయం మూత ఉన్న గిన్నెలోకి తీసుకొని, ఆ మధ్యాహ్నానికే వాడుకోవాలి. పెరుగు పులుపు క్రిములను కొంత అదుపులో ఉంచుతుంది గనుక ఇది పాల వంటలన్నిటిలో నమ్మదగినది.

ఉప్పు మాత్రం వడ్డించే ముందే కలపండి. ముందుగా వేస్తే నీరు ఊరి పచ్చడి జారుతుంది. కీరదోస, ముల్లంగి, గాజరు నిలువు ముక్కలుగా తరిగి పక్కన పెడితే పిల్లలు కూడా అద్దుకొని తింటారు.

3. పన్నీరు వేపుడు (ముందు రోజు, లేదా అదే ఉదయం)

2 లీటర్ల గేదె పాలకు సుమారు 400 గ్రాముల పన్నీరు వస్తుంది. పది గ్రాముల చొప్పున కోస్తే 40 ముక్కలు, అంటే ఇరవై మందికి తలా రెండు. ముందు పెట్టే వంటకు ఇది చాలు. కడుపు నిండితే వెనుక వచ్చే విందు మిగిలిపోతుంది.

పాలు బాగా మరిగించి దించి, ఐదు నిమిషాలు ఆగండి. మూడు నాలుగు నిమ్మకాయల రసంలో అంతే నీరు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా తిప్పండి. పసుపుపచ్చని తేట నీరు విడిపోగానే రసం పోయడం ఆపాలి. గుడ్డలో వడగట్టి, మంచినీటితో ఒకసారి కడిగి, మూటపై రెండు మూడు కిలోల బరువు అరగంట ఉంచండి. ఆ తరువాత ముక్కలు కోసుకోవచ్చును.

ఈ ముక్కలకు గట్టి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, మన జిల్లా పసుపు, ఉప్పు, రెండు చెంచాల సెనగపిండి కలిపి పట్టించి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాడు పెనంపై కొద్ది నూనెతో నాలుగు నిమిషాలు వేయిస్తే చాలు. ఫ్రిజ్ లేని ఇళ్లలో 24న పన్నీరు చేయరాదు. 25 ఉదయం పాలు విరిచి, చర్చికి బయలుదేరే ముందు బరువు పెట్టి, రెండు గంటలలోగా తిరిగి వచ్చి కోసి వేయించాలి. ఆలస్యమయ్యేటట్లున్నా, దూర ప్రయాణమున్నా ఈ వంట మానుకొని మొదటి రెండింటితో సరిపెట్టుకోవడం మేలు.

విరిగిన పాల నీటిని పారబోయకండి. పూరీ పిండి కలపడానికి పనికివస్తుంది, లేదా పశువుల కుడితిలో కలపవచ్చును.

జాగ్రత్తలు

పన్నీరు విషయంలో ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడగవచ్చును. పన్నీరులో తడి ఉన్నది, మాంసకృత్తులు ఉన్నాయి, పులుపు తక్కువ. క్రిములకు ఇంతకంటె మంచి ఆహారం లేదు. వాటిలో స్టెఫిలోకాకస్ అనేది పుండ్లలోను, ముక్కులోను, పొదుగువాపు వచ్చిన పశువు పాలలోను ఉంటుంది. వేడి చేస్తే ఆ క్రిమి చస్తుంది గాని, అంతకుముందే అది వదిలిన విషం చావదు. అందుచేత బయట నిలవ ఉన్న పన్నీరును మళ్లీ వేయించినంత మాత్రాన అది మంచిదైపోదు. తిన్న కొద్ది గంటలకే వాంతులు, విరేచనాలు పట్టుకొంటాయి. పెళ్లి విందులలోను, పండుగ విందులలోను ఇటువంటివి ముందుగా బాధించేది చిన్నపిల్లలను, ముసలివారిని.

కనుక ఈ నాలుగు గుర్తుంచుకోండి. పొదుగువాపు ఉన్న పశువు పాలు వంటకు గాని, సొసైటీకి గాని వాడరాదు. వేలికి గాయం ఉన్నవారు పన్నీరు, పెరుగు ముట్టరాదు. వడగట్టే గుడ్డను మరిగే నీటిలో ఉంచి, ఎండలో ఆరవేసి వాడాలి. వడ్డించిన పాల వంటను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు.

చివరగా ఒక మాట. పండుగకు కావలసిన నాలుగు లీటర్లూ తాజా పాలనే ముందుగా లెక్కచూసి ఇంట ఉంచుకోండి. వాడగా మిగిలిన పాలను తోడువేసుకోండి గాని, మరునాటి పాలలో కలిపి సొసైటీకి తేవద్దు. ఒక్క ఇంటి నిలవ పాలు ఊరందరి క్యానును విరగగొడతాయి. ఆ నష్టం పండుగ చేసుకొన్నవారికీ, చేసుకోనివారికీ సమానంగా పడుతుంది.

మురుకులు డబ్బాలో, పచ్చడి గిన్నెలో, పన్నీరు పెనంపై సిద్ధంగా ఉంటే, ఆ రోజు ఇల్లాలు కూడా బంధువుల మధ్య కూర్చోగలుగుతుంది. సభ్య కుటుంబాలకు క్రిస్మస్ శుభాకాంక్షలు.