22 ఓట్లు నిలబెట్టిన సర్కారు

కెనడాలోని వాంకూవర్ నుంచి ఫ్రేజర్ నది దాటి వస్తే సర్రే నగరం. దాని ఉత్తర భాగంలో ఉంటుంది గిల్డ్‌ఫర్డ్. 1966లో తెరిచిన షాపింగ్ మాల్, దాని చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఆ వెనక సొంతిళ్ల వీధులు. పంజాబీ, చైనా, ఫిలిప్పీన్స్ కుటుంబాలు చాలానే ఉంటాయి. చూడ్డానికి పెద్ద విశేషమేమీ లేని శివారు. కానీ బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లో అధికారం ఎవరిదో తేల్చింది ఈ నియోజకవర్గమే.

2017కు ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం సర్రే-టైన్‌హెడ్ నియోజకవర్గం కింద ఉండేది. అక్కడ 2001 నుంచి మూడుసార్లు లిబరల్ పార్టీ తరఫున డేవ్ హేయర్ గెలిచారు. ఆయన తండ్రి తారా సింగ్ హేయర్ పంజాబీ పత్రికా సంపాదకుడు. 1985 నాటి ఎయిరిండియా విమానం పేల్చివేతపై పోలీసులకు వాంగ్మూలం ఇచ్చిన ఆయన్ను 1998లో సర్రేలోని సొంత ఇంటి గ్యారేజీలోనే కాల్చి చంపారు. ఇక్కడి ప్రవాస రాజకీయాన్ని ఓట్ల లెక్కలతోనే చదివితే ఈ నెత్తుటి మరక కనిపించదు.

2017లో గాలి మారింది. కారణం వంతెన. 2012లో తెరిచిన కొత్త పోర్ట్ మన్ వంతెన మీద కారుకు మూడు డాలర్ల పైచిలుకు టోల్ పడేది. రోజూ నది దాటి పనికెళ్లేవాళ్లకు అది జీతంలో కోతే. టోల్‌కు ఏడాదికి 500 డాలర్ల పరిమితి పెడతామంది లిబరల్ పార్టీ. అసలు టోలే ఉండదంది న్యూ డెమోక్రటిక్ పార్టీ. ఎవరి మాట చెవికెక్కుతుందో వేరే చెప్పాలా? లిబరల్ మంత్రి అమ్రిక్ విర్క్‌ను న్యూ డెమోక్రాట్ గ్యారీ బెగ్ ఓడించారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ కెనడా కేంద్ర పోలీసు దళమైన మౌంటెడ్ పోలీసుల్లో మాజీ అధికారులే! ఆ సెప్టెంబరు 1న టోల్ పోయింది. 2020లోనూ బెగ్‌దే గెలుపు.

2024 నాటికి లిబరల్ పార్టీ పేరు మార్చుకుని, చివరికి బరిలోంచే తప్పుకుంది. ఆ జాగా కన్జర్వేటివ్‌లకు దక్కింది. అక్టోబరు 19 రాత్రి గిల్డ్‌ఫర్డ్‌లో వాళ్ల అభ్యర్థి హోన్‌వీర్ సింగ్ రంధావాదే ఆధిక్యం. మిగతా ఓట్లు కూడా లెక్కించాక బెగ్ 27 ఓట్లతో ముందుకొచ్చారు. న్యాయమూర్తి పర్యవేక్షణలో మళ్లీ లెక్కిస్తే మిగిలింది 22. దాంతో 93 స్థానాల సభలో న్యూ డెమోక్రాట్లకు 47 వచ్చాయి. సరిగ్గా కావలసినన్నే.

గెలిచిన బెగ్‌కు దక్కిన శాఖ ప్రజాభద్రత. మౌంటెడ్ పోలీసుల స్థానంలో సర్రే సొంత పోలీసు దళం వస్తున్న సమయమది. ఆ మార్పు మౌంటెడ్ పోలీసుల్లోనే పనిచేసిన మంత్రి హయాంలో సాగింది. 2025 జులైలో ఆయన పదవి పోయింది.

ఒక్క సీటు ఆధిక్యంతో పాలన ఎలా ఉంటుందో అంతకు రెండు నెలల ముందే, మేలో తెలిసొచ్చింది. నిర్మాణ ప్రాజెక్టులకు త్వరగా అనుమతులిచ్చే 15వ బిల్లును ఆదివాసీ తెగల నాయకులు గట్టిగా వ్యతిరేకించారు. అధికార పక్షం నుంచే వచ్చిన స్పీకర్ మామూలుగా ఓటు వేయరు కాబట్టి సభ 46-46గా చీలింది. పంజాబ్‌లో పుట్టి, కెనడా వ్యవసాయ కూలీల సంఘానికి తొలి అధ్యక్షుడైన స్పీకర్ రాజ్ చౌహాన్ కాస్టింగ్ ఓటు వేస్తేనే బిల్లు గట్టెక్కింది.