ఒకే జాబితా - రెండు పేర్లు

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే వారిని బాగా తికమకపెట్టే విషయం ఒకటుంది. ఒక జాబితాను మారిస్తే, మనం ముట్టుకోని ఇంకో జాబితా కూడా మారిపోతుంది. ఇది కంప్యూటర్ తప్పు కాదు. వేరియబుల్ అంటే ఏమిటో సరిగ్గా తెలిస్తే ఈ అనుమానం తీరిపోతుంది.

వేరియబుల్ అంటే సమాచారం దాచుకునే డబ్బా అని మొదట్లో చదువుకుంటాం. సీ భాషలో అంకెలకు ఆ పోలిక సరిపోతుంది. 1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ భాషలో మాత్రం వేరియబుల్ చిరునామా రాసిన చీటీ లాంటిది. గౌడవెల్లి స్టేషన్ దగ్గరున్న ఒక ఇంటి చిరునామా ఇద్దరి జేబుల్లో ఉందనుకుందాం. చీటీలు రెండు, ఇల్లు ఒక్కటే. ఒకరు వెళ్ళి తలుపుకు రంగు మారిస్తే, రెండో వారు వెళ్ళినా ఆ కొత్త రంగే కనిపిస్తుంది.

పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మన మెస్ లెక్కతోనే చూద్దాం:

హాస్టల్ = ["రాజు", "రవి", "మల్లేశ్"]
భోజనం = హాస్టల్
భోజనం[1:2] = []

రవి ఊరెళ్ళాడు కనుక ఈ పూట భోజనం జాబితాలోంచి అతని పేరు తీసేశాం. చూస్తే హాస్టల్ జాబితాలోనూ పేరు లేదు! రెండో వరుసలోని సమానం గుర్తు పేర్లను కాపీ చేయలేదు, అదే జాబితాకు రెండో పేరు పెట్టింది. కంప్యూటర్ ఏ తప్పూ చూపించదు. కానీ రవి తిరిగొచ్చే సరికి హాజరులోనూ లేడు, అన్నం లెక్కలోనూ లేడు. అసలు ప్రమాదం ఇదే.

రెండో వరుసను ఇలా మార్చాలి:

భోజనం = హాస్టల్[:]

ఇప్పుడు వేరే జాబితా తయారవుతుంది. అయితే గదుల వారీగా జాబితాలో జాబితాలు ఉంటే ఇది చాలదు. పై జాబితా కొత్తదైనా లోపలివి పాతవే. అప్పుడు డీప్‌కాపీ వాడాలి. అంకెలు, పదాలు లోపల మార్చడానికి వీల్లేనివి కనుక వాటితో ఈ చిక్కు రాదు.

మరి ఈ పద్ధతి ఎందుకు? వేల పేర్లున్న జాబితాను ప్రతిసారీ కాపీ చేస్తే మెమరీ, సమయం రెండూ వృథా. జావాలో కూడా ఆబ్జెక్టులకు ఇదే పద్ధతి.

తమ్ముళ్ళూ, అనుమానం వస్తే ఐడి ఫంక్షన్‌తో చూడండి. రెండు పేర్లకూ ఒకే సంఖ్య వస్తే ఉన్నది ఒకే జాబితా. ల్యాబ్‌లో ఈ మూడు వరుసలూ స్వయంగా టైపు చేసి చూస్తే ఇక మరచిపోరు.