‘ఫుఅస్’ అంటే పాదమా, కాలా?

ఆగ్నేయ జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున ఉన్న డెగ్గెన్‌డార్ఫ్‌కు ‘బవేరియా అడవికి వాకిలి’ అని పేరు. ప్రామాణిక జర్మన్‌లో అడవి ‘వాల్ట్’. ఇక్కడివారి నోట అది ‘వొయిద్’. చలి ‘కాల్ట్’ కాదు, ‘కొయిద్’. కలప ‘హోల్ట్స్’ కాదు, ‘హొయిత్స్’. అచ్చు తరువాతి లకారం ఇకారంగా కరిగిపోవడం, పరుషాలు సరళాలవడం మధ్య బవేరియన్ మాండలికానికి ముఖ్య లక్షణాలు.

జర్మన్ పరీక్షలు నెగ్గి వచ్చే మన వైద్యులను నిజంగా తికమక పెట్టేది మాత్రం ‘ఫుఅస్’ అనే చిన్న మాట. పుస్తకాల భాషలో ‘ఫూస్’ అంటే పాదం. బవేరియన్‌లో అది తుంటి నుంచి కాలివేళ్ళ దాకా మొత్తం కాలు. ‘ఫుఅస్’ వాచిందన్న వృద్ధురాలి పాదం మాత్రమే చూసి పంపిస్తే, పిక్క లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం కంటబడకపోవచ్చు. నొప్పి ఎక్కడో వేలితో చూపించమనడమే క్షేమం. నిజానికి తెలుగువారికి ఇది కొత్త కాకూడదు. చెప్పులు వేసుకునేదీ కాలికే, తొడ ఎముక విరిగినా విరిగింది కాలే.

దీన్ని చెడిన జర్మన్ అనుకునేవారు జర్మనీలోనూ ఉన్నారు. చరిత్ర అందుకు ఒప్పుకోదు. ‘ఫుఅస్’, ‘గుఅద్’ (మంచి), ‘లిఅబ్’ (ప్రియమైన) మాటల్లోని జంట అచ్చులు మధ్యయుగపు జర్మన్‌లో ఉన్నవే. వాటిని ‘ఫూస్’, ‘గూట్’, ‘లీబ్’ అని దీర్ఘాలుగా కుదించుకున్నది ప్రామాణిక భాష. ‘లీబ్’ వర్ణక్రమంలో పలకని అచ్చు ఒకటి నేటికీ మిగిలి ఉన్నది. చనువున్న నలుగురిని ‘మీరు’ అనడానికి వాడే ‘ఎస్’, ‘మిమ్మల్ని’ అనడానికి వాడే ‘ఎంక్’ ఇంకా పాతవి. ఒకప్పుడవి ‘మీరిద్దరు’ అనే అర్థమిచ్చిన ద్వివచన రూపాలు. సంస్కృత శబ్దాలు వల్లించినవారికి ఈ సంగతి ముచ్చట గొలుపుతుంది. గురువారానికి పెద్దలు వాడిన ‘ప్ఫిన్స్‌టా’ గ్రీకులో ‘అయిదవది’ అనే మాట నుంచి వచ్చింది. మన బేస్తవారంలా అదీ క్యాలెండర్ల నుంచి తప్పుకొంటున్నది.

ష్మెల్లర్ ఈ భాషకు 1827-37 మధ్యనే నాలుగు సంపుటాల నిఘంటువు ప్రచురించాడు. అయినా 2009 నాటి యునెస్కో పట్టికలో బవేరియన్ ‘దుర్బల’ భాషల వరుసలో చేరింది. ప్రాంతీయ భాషల ఐరోపా ఒప్పందం కింద ఉత్తరాదిలోని ‘ప్లాట్‌డాయిచ్’‌కు జర్మనీలో రక్షణ ఉన్నది. బవేరియన్‌కు లేదు. అధికార భాషకు మాండలికాలైనవాటికి ఆ ఒప్పందం వర్తించదు. ఏది భాష, ఏది మాండలికం అన్న తీర్పు ధ్వనులను బట్టి కాక రాజ్యాన్ని బట్టి జరుగుతున్నదని నాకనిపిస్తుంది. బడిలో, కార్యాలయంలో ప్రామాణిక జర్మనే. ‘ఫుఅస్’ ఇంట్లో, సంతలో, ఆసుపత్రి మంచం మీద వినబడుతుంది.