ఒక్క పగలు, ఒక్క రాత్రి తెరిచి ఉండే వాకిలి

తెల్లవారుజామున కొట్టంలో ఆవు ఈనుతుంది. తల్లి నాకుతూ ఉండగా దూడ తడబడుతూ లేచి పొదుగు కోసం వెతుక్కుంటుంది. ఇంటి పెద్ద మాత్రం దానిని పక్కకు లాగి కట్టివేస్తాడు. "మావి పడనీ, తరువాత కుడుస్తుంది" అంటాడు.

అనాదిగా వస్తున్న ఈ ఆచారం పైకి నిరపాయకరంగానే కనిపిస్తుంది. కాని, ఆ నిరీక్షణలో గడిచే ప్రతి గంటా దూడ ప్రాణానికి ముప్పు తెచ్చేదే.

మానవ శిశువుకు గర్భంలో ఉండగానే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మావి గుండా అందుతాయి. ఆవు మావి నిర్మాణం వేరు; అది వాటిని దాటనివ్వదు. అందుచేత దూడ దాదాపు నిరాయుధంగా ఈ లోకంలో అడుగుపెడుతుంది. దానికి కావలసిన రక్షణ అంతా తల్లి ముర్రుపాలలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కున్నది. ప్రతిరక్షకాలు మాంసకృత్తులు. ఎదిగిన పశువు కడుపులోనైతే అవి జీర్ణమైపోతాయి. అటువంటివి దూడ రక్తంలోకి చెక్కుచెదరకుండా చేరేదెట్లా?

అప్పుడే పుట్టిన దూడ చిన్నపేగులోని కణాలు ఆ పెద్ద అణువులను ఉన్నవి ఉన్నట్లుగానే లోనికి తీసుకొని, లింఫు నాళాల ద్వారా రక్తానికి అందిస్తాయి. ముర్రుపాలలోని మరొక పదార్థం ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకొని వాటిని కాపాడుతుంది. అయితే, ఈ వాకిలి తొలి 6 గంటలలోనే బాగా తెరిచి ఉంటుంది. ఆపైన క్రమంగా ఇరుకై, 24 గంటలకు దాదాపు పూర్తిగా మూసుకుపోతుంది. చిట్టెలుక పిల్లలలో అది సుమారు 3 వారాలు తెరిచి ఉంటుంది.

తల్లిపాల ద్వారా రక్షణ సంక్రమిస్తుందని 1892లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిహ్ చిట్టెలుకలపై నిరూపించాడు. ముర్రుపాలకు నోచుకోని దూడలలో అధికభాగం మరణించడాన్ని 1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ వెల్లడించారు.

తెరిచిన వాకిలి గుండా మిత్రులే కాదు, శత్రువులూ ప్రవేశించగలరు. ముర్రుపాలకంటే ముందుగా మురికి నోటికి అందితే, రోగక్రిములకూ అదే దారి. కనుక పొదుగును శుభ్రంగా కడిగి, తొలి రెండు గంటలలోపలే దూడను కుడవనివ్వాలి. దూడ బరువులో పదోవంతు పాలు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు, మొదటి పూటలోనే దాని కడుపున పడాలి. మావి కోసం ఆగనవసరం లేదు. దూడ కుడిచినప్పుడు తల్లి గర్భసంచి ముడుచుకొని, మావి పడడానికే అది తోడ్పడుతుంది.

ఆవు ఈనిన ఇంట జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచడం మన ఆనవాయితీ. దానిని మానుకోనక్కరలేదు. దూడ వాటా దూడ తాగిన తరువాత మిగిలిన పాలతో నిశ్చింతగా వండుకోవచ్చు. జున్ను మరునాడు తిన్నా రుచిగానే ఉంటుంది. దూడకు మాత్రం ఆ పాలు ఆనాడే అందాలి.