మూత గట్టిగా బిగించబాక

ముందే నింపి అలమరలో పెట్టి అమ్మితే అది సీసా. కొనేవాడు వచ్చి అడిగాక, అతని కళ్ళెదుటే కుళాయి తిప్పి నింపిస్తే అది గ్లాసు. పాత్ర అదే, అందులో పోసే బీరూ అదే. అయినా మొదటిదానికి లేబుల్ తప్పనిసరి, దాని మీద ప్రభుత్వ ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి. రెండోదానికి లేబులే అక్కర్లేదు. ఇదేదో మన ఎక్సైజు వాళ్ళ మెలిక అనుకునేరు. అమెరికాలో మద్యం, పొగాకు పన్నులు చూసే కేంద్ర బ్యూరో గ్రౌలర్ల గురించి ఇచ్చిన వివరణ.

ఈ గ్రౌలర్ల గోల నా నెత్తిన పెట్టింది మా ఎడిటర్ గారు. ‘క్రాఫ్ట్ బీరు ఇంటికి పట్టుకెళ్ళే జగ్గుల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం సాయంత్రానికి’ అన్నారు ఫోన్లో. పర్చూరులో ఉన్నవాణ్ణి అడగాల్సిన కథనమేనా ఇది? శనగల ధర అడగొచ్చు, మిర్చికి తామర పురుగు పట్టిందా అని అడగొచ్చు, పత్తి తీతకు కూలీలు దొరుకుతున్నారా అని అడగొచ్చు. అదే అన్నాను. ‘మీ వైపు పిల్లలు సగం మంది అమెరికాలోనేగా, వాళ్ళ ఫ్రిజ్జుల్లో చూడమనండి’ అని పెట్టేశారు. ఆ మాటా కొట్టిపారేసేది కాదు.

గ్రౌలర్ అంటే చెవి ఉన్న గాజు జగ్గు. గోధుమ రంగుది ఎక్కువ, ఎందుకంటే వెలుతురు తగిలితే బీరు వాసన చెడుతుంది. మామూలు కొలత 64 ఔన్సులు, మన లెక్కలో లీటరు తొమ్మిది వందల మిల్లీలీటర్ల దాకా. చిన్న బీరు తయారీ కేంద్రానికి వెళ్తే మొదటిసారి జగ్గుకు కూడా డబ్బు కట్టాలి. తర్వాత నుంచి కడిగి తెచ్చుకుంటే బీరు ఖరీదే. నింపడంలో ఒక ఒడుపుంది. కుళాయికి గొట్టం తగిలించి జగ్గు అడుగు దాకా దించుతారు. కొన్నిచోట్ల ముందు కార్బన్ డయాక్సైడ్ వదిలి లోపలి గాలిని తరిమేస్తారు, బీరుకు గాలే శత్రువు కాబట్టి. అడుగు నుంచి నింపుకుంటూ వస్తే నురగ పైకి తేలుతుంది. మెడ దగ్గర కాస్త ఖాళీ ఉంచి మూత పెడతారు. అలా తెచ్చింది ఫ్రిజ్జులో కొద్ది రోజులు ఉంటుంది. ఒకసారి మూత తీశాక మాత్రం మర్నాటికల్లా ముగించాలి, లేకపోతే గ్యాసు పోయి చప్పబడుతుంది.

ఇంతవరకు చెప్పి ఫొటోలు వేస్తే ఎడిటర్ గారికి కథనం అయిపోయేది. నన్ను ఆపింది ఫ్లోరిడా. ఆ రాష్ట్రంలో ఒకప్పటి చట్టం ప్రకారం 32 ఔన్సుల జగ్గులో బీరు నింపి ఇవ్వొచ్చు. 128 ఔన్సుల జగ్గులోనూ ఇవ్వొచ్చు. దేశమంతా వాడే 64 ఔన్సుల జగ్గులో మాత్రం ఇవ్వకూడదు! లీటరు లోపు సరే, మూడు లీటర్ల ముప్పావు సరే, రెండు లీటర్లకు దగ్గరగా ఉంటే నేరం. తాగేవాడి ఆరోగ్యం కోసమే అయితే పెద్దదాన్ని ఆపాలి గదా! చిన్న తయారీదారులు దీని మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. పంపిణీదారులు తమ చేతి మీదుగా పోని సరుకును ఇష్టపడలేదు, శాసనసభలో బిల్లు వచ్చినప్పుడల్లా అడ్డం పడ్డారు. చివరికి 2015 జులై 1న ఆ మధ్య జగ్గుకు విముక్తి దొరికింది. తయారీ కేంద్రంలో కుళాయి కింద పట్టుకుంటే మధ్యలో ఇంకెవరూ ఉండరు. లారీ ఉండదు, గోడౌను ఉండదు, దుకాణం ఉండదు. నాకు తోచినంతలో పేచీ బీరుతో కాదు, ఆ మధ్యలో లేకుండా పోయినవాళ్ళతో.

బెంగళూరులో జరిగింది ఇంకా తమాషా. 2020 లాక్‌డౌన్‌లో మైక్రోబ్రూవరీల ట్యాంకుల్లో బీరు నిలిచిపోయింది. అది పారబోయాల్సిన స్థితి వచ్చేసరికి, ఇంటికి పట్టుకెళ్ళడానికి కర్ణాటక ప్రభుత్వం మే నెలలో కొంతకాలానికి అనుమతిచ్చింది. షరతులు ఏమిటంటే: మనిషికి రెండు లీటర్లు మించకూడదు, గాజు, పింగాణీ, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలే వాడాలి. స్టీలు అన్నారంటే మన పాల క్యాను కూడా చెల్లుతుందన్నమాట. ఈ ఒక్క వాక్యంతో గ్రౌలర్ నాకు పరాయిది కాకుండా పోయింది.

ఎందుకంటే పాత్ర మనం తీసుకెళ్ళి, కళ్ళెదుట పోయించుకుని, ఆ పూటే తాగాల్సిన పానీయం ఈ నేలకు కొత్తేం కాదు. పర్చూరు చుట్టూ నల్లరేగడి. గట్ల మీద, డొంకల వెంట అక్కడొకటి ఇక్కడొకటి తాడిచెట్టు కనిపిస్తుంది. చీరాల, వేటపాలెం వైపు ఇసుక నేలల్లోకి దిగేకొద్దీ తాళ్ళు చిక్కబడతాయి. చలికాలం నుంచి ఎండాకాలం దాకా కల్లుగీత సాగుతుంది. మోకు బిగించి చెట్టెక్కి, గెల కొసను ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి పలచగా చెక్కి, కింద ముంత కడతారు. కారిన రసంలో పంచదార నూటికి పది పన్నెండు పాళ్ళు ఉంటుంది. ముంత లోపల నిన్నటి కల్లు తాలూకు ఈస్టు అంటుకునే ఉంటుంది కాబట్టి చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో బీరు పాటి మత్తుకు వస్తుంది. ఇంకొంచెం ఆగితే పుల్లబడుతుంది, ఒక రోజు దాటితే వెనిగర్ దారి పడుతుంది. బీరుకు ట్యాంకులో పులియడం అయిపోయాక కుళాయి తిప్పుతారు. కల్లు మాత్రం మీ సంచీలో, మీ బండి మీద, ఇంటి దారిలో కూడా పులుస్తూనే ఉంటుంది.

చీరాల రోడ్డు పక్కన ఒక పెద్దాయన సీసాలు నింపుతుంటే నిలబడి చూశాను. నేను మంచినీళ్ళ సీసా ఇస్తే తీసుకోలేదు. ‘ఇది కాదు అబ్బాయ్, కూల్‌డ్రింకుది తే’ అన్నాడు. ఎందుకు బాబాయ్ అంటే సీసా తిరగేసి చూపించాడు. కూల్‌డ్రింకు సీసా అడుగున ఐదు బొడిపెలుంటాయి, ఎప్పుడైనా గమనించారా? గ్యాసు లోపలి నుంచి తోసినా అడుగు ఉబ్బి పడిపోకుండా ఉండటానికే అలా పోస్తారు. దాని ప్లాస్టిక్కూ మందం. మంచినీళ్ళ సీసా పల్చన, అడుగున ఆ బలం ఉండదు, కల్లు పోస్తే కాసేపటికి బంతిలా ఉబ్బుతుంది. ఆయన గుడ్డ వడకట్టు పెట్టి, సీసాను ఏటవాలుగా పట్టుకుని, గోడ వెంట జారేలా పోశాడు. నిటారుగా పోస్తే నురగ పొంగి సగం బయటికే పోతుంది. మెడ దగ్గర నాలుగు వేళ్ళ మందం ఖాళీ వదిలాడు. మూత పెట్టి, ఒక చుట్టు వెనక్కి తిప్పి వదులు చేశాడు. ‘గట్టిగా బిగించబాక, పగులుద్ది. మధ్యలో ఒకసారి ఆగి గ్యాసు తియ్యి.’ ఎండలో కారులో వదిలేసిన గాజు గ్రౌలర్లు పగిలిన సందర్భాలున్నాయి, అందుకే నింపేటప్పుడే హెచ్చరిస్తారు. కోట్లు పెట్టి బ్రూవరీ కట్టినవాళ్ళు చెప్పేదీ, మోకు భుజానేసుకున్న ఈయన చెప్పేదీ ఒక్కటే.

చరిత్ర కూడా కావాలన్నారు ఎడిటర్ గారు, ఒక పేరాలో లాగించేస్తాను. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో పిల్లలు రేకు బకెట్లతో సారాయంగడి నుంచి నాన్నలకు బీరు మోసేవారు. ఇప్పటి గాజు జగ్గును 1989లో వయోమింగ్‌లో చార్లీ ఒట్టో అనే తయారీదారు జనంలోకి తెచ్చాడు. బెంగళూరులో మైక్రోబ్రూవరీలు 2010ల తొలి ఏళ్ళ నుంచి, తెలంగాణలో వాటికి నిబంధనలు 2015లో. ఇటు చూస్తే, 1921లో సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు దుకాణాల ముందు పికెటింగులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్ళ సారా వ్యతిరేక ఉద్యమం. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు.

ఈ పేరాలో ఒక్క చోట మాత్రం పరిగెత్తలేను. ‘ఇంటికి’ అన్న మాట నాకు గుచ్చుకునేది అక్కడే. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వం సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో మూసి అమ్మించింది. కల్తీ ఉండదు, కొలత తప్పదు అని అప్పట్లో చెప్పిన కారణం. అంతకుముందు సారా తాగాలంటే అంగడికి నడవాలి. ప్యాకెట్ అయ్యేసరికి అది జేబులో పట్టింది, చేను గట్టుకొచ్చింది, గుమ్మంలోకొచ్చింది. దూబగుంటలో ఉద్యమం నడిపిన రోశమ్మ, ఆమె వెంట నడిచిన వాళ్ళు తిరగబడింది ఆ ఇంటికొచ్చిన సారా మీదే. అందుకే క్రాఫ్ట్ బీరు ఇంటికి తెచ్చుకోవడం గురించి మురిసిపోతూ రాయడం నాకు చేతకాలేదు. ఇంట్లో ఫ్రిజ్జు తలుపు తీసే మనిషి ఒకరుంటారు, ఆ జగ్గు కడిగే మనిషి ఇంకొకరుంటారు. పత్రికల్లో వచ్చే గ్రౌలర్ ఫొటోల్లో రెండో మనిషి కనిపించరు. అలాగని కల్లుకూ జగ్గుకూ సారా ప్యాకెట్‌తో సాపత్యం కట్టను. ప్యాకెట్ నెలల తరబడి చెడదు, ఎంత దూరమైనా పోతుంది, కొట్టు వెనక గుట్టగా పోసి దాచొచ్చు. కల్లు రేపటికి మిగలదు. రేపటికి మిగలనిది అప్పుగా అంటగట్టడం కూడా కష్టమే.

ప్రభుత్వాల మొగ్గు ఎటు ఉందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఐదేళ్ళ కల్లుగీత విధానం తెచ్చి, చెట్టు మీద నుంచి పడి చనిపోతే ఇచ్చే పరిహారాన్ని ఐదు లక్షల నుంచి పది లక్షలు చేశారు. మంచిదే. 2024లో ప్రైవేటు మద్యం దుకాణాలు తిరిగి తెరిచాక, గీత కులాలకు పది శాతం దుకాణాలు కేటాయించారు. అదీ కాదనేది కాదు, చెట్టెక్కలేని వయసొచ్చిన కుటుంబానికి అది ఆసరా. కానీ ఆ దుకాణంలో ఉన్నవన్నీ సీలు వేసిన సీసాలే. చెట్టు నుంచి నేరుగా కొనేవాడి పాత్రలోకి పోసే పనికి శుభ్రమైన వడకట్టు, చల్లటి పెట్టె, అచ్చు వేసిన కొలపాత్ర ఇస్తామని ఎవరైనా అంటారేమో అని వెతికాను. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెలంగాణ ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్ ఆ దిక్కుగా ఒక అడుగు. అయితే అది పులియని రసానికి.

నీరా, కల్లు: ఏది ఏది?

ముంత లోపల సున్నం పూస్తే ఈస్టు లేవదు, రసం తియ్యగానే ఉంటుంది. అదే నీరా. చల్లగా ఉంచకపోతే అదీ కల్లయిపోతుంది. పాత తూర్పు గోదావరి జిల్లా వైపు పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి రసాన్ని నిలవ ఉంచడం మీద, తాటి బెల్లం మీద పని జరుగుతోంది. గెలను గీతకు కడితే ఆ గెలకు ముంజలు ఉండవు. ఎండాకాలం ముంజలు కావాలనుకునే వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొనేముందు

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. పరీక్షల్లో అల్ప్రాజోలం అనే మత్తు కలిగించే మందు బయటపడింది. రుచి చూసి, రంగు చూసి దాన్ని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. చుట్టుపక్కల ఎక్కడా తాడిచెట్టు లేకుండా, గీత కాలం దాటాక కూడా కావలసినంత కల్లు దొరికే చోట కొనకపోవడమే మేలు. జగ్గయినా, కూల్‌డ్రింకు సీసా అయినా వాడగానే వేడినీళ్ళతో కడిగి బోర్లించాలి. సబ్బు మిగిలితే నురగ నిలవదు.