ధర తగ్గింది, బిల్లు తగ్గలేదు

ఆన్‌రోడ్ 90 లక్షలు పెట్టి కొన్న ఒక లగ్జరీ ఎస్‌యూవీ ఎనిమిదేళ్ళకు 22 లక్షలకు అమ్మకానికి వచ్చిందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే గానీ, హైదరాబాద్‌లో కార్ కన్సల్టెన్సీల చుట్టూ తిరిగినవాళ్ళకు వింతగా ఏమీ అనిపించవు. ధర నాలుగో వంతుకు పడింది. ఇప్పుడు ఆ బండికి 3 లక్షల రిపేరు పడితే, కొత్తగా కొన్నాయనకు అది కారు ధరలో 3.3 శాతం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మీకు 13.6 శాతం. బండి పాతబడేకొద్దీ దాని ధర దిగుతుంది. స్పేర్ల ధర, లేబర్ చార్జీ మాత్రం 90 లక్షల కారు స్థాయిలోనే ఉండిపోతాయి, వీలైతే ఏటా కాస్త పెరుగుతాయి కూడా. ఈ తరహా బేరంలో చిక్కంతా అక్కడే ఉంది.

ధర అంత తొందరగా ఎందుకు పడుతుంది? బీమా కంపెనీలు కారు విలువ కట్టే పట్టిక ఒకటుంది. ఆరు నెలలలోపు కారుకు 5 శాతం తరుగు, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, ఐదేళ్ళలోపు 50 శాతం. ఐదేళ్ళు దాటాక కంపెనీ, ఓనరు మాట్లాడుకుని తేల్చుకోవడమే. ఈ పట్టిక మారుతీకైనా మెర్సిడెస్‌కైనా ఒకటే. బజారు మాత్రం లగ్జరీ బండిని ఇంతకంటే కిందికి దించుతుంది, ఎందుకంటే కొనేవాడు వారంటీ లేని బండిని నెత్తికెత్తుకుంటున్నాడు. మొదటి ఓనర్లు చాలామంది ఎక్స్‌టెండెడ్ వారంటీ, సర్వీస్ ప్యాకేజీ ముగిసే సమయానికే బండి వదిలించుకుంటారు. "డాక్టర్ గారి బండి సార్, సింగిల్ ఓనర్" అంటాడు అమ్మేవాడు. డాక్టర్ గారిదే కావచ్చు. ఆయన అమ్మాలనుకున్నది మొదటి పెద్ద కొటేషన్ చేతికి అందాకా, అందకముందా అన్నది మనం తెలుసుకోవాలి.

పెద్ద బిల్లు అనగానే ఖరీదైన పార్టు ఏదో పోయిందనుకుంటాం. చాలాసార్లు పోయేది చిన్న పార్టే, దాని దగ్గరికి చేరడమే ఖరీదు. మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్, తర్వాత వచ్చిన జీఎల్ఈ బళ్ళలో వాడిన ఓఎం642 డీజిల్ ఇంజన్ తీసుకోండి. 2,987 సీసీ, ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు వరుసలు. ఆ రెండు వరుసల మధ్య లోయలాంటి చోట ఆయిల్ కూలర్ కూర్చుని ఉంటుంది. దాని కింద ఉండే చిన్న రబ్బరు సీళ్ళు వేడికి గట్టిపడి, కొన్నేళ్ళకు ఆయిల్ వదలడం మొదలుపెడతాయి. కారిన ఆయిల్ ఆ లోయలో నిండి, ఇంజన్ వెనక వైపు నుంచి గేర్‌బాక్స్ దగ్గర బొట్లు బొట్లుగా పడుతుంది. చూసినవాళ్ళు గేర్‌బాక్స్ లీకేజీ అనుకుంటారు. సీళ్ళ ధర మొత్తం బిల్లులో లెక్కలోకి రాదు. కానీ వాటిని మార్చాలంటే టర్బో విప్పాలి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి, వాటి గ్యాస్కెట్లన్నీ కొత్తవి వేయాలి. చెయ్యి తిరిగిన మెకానిక్‌కు కూడా ఒక పూటలో తేలే పని కాదు. సర్వీస్ రికార్డులో ఈ పని ఒకసారి జరిగినట్టు ఉంటే అది ఆ బండికి మచ్చ కాదు. నా దృష్టిలో లక్ష రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి కారణం.

టైమింగ్ చైన్‌దీ ఇదే కథ. బీఎండబ్ల్యూ ఎక్స్5లో వచ్చిన 2,993 సీసీ ఎన్57 డీజిల్‌లోనూ, మొదటి తరం ఆడి క్యూ7 మూడు లీటర్ల డీజిల్‌లోనూ చైను ఇంజన్ ముందు వైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైను సాగిందంటే గేర్‌బాక్స్‌నో ఇంజన్‌నో దించాల్సిందే. అందుకే ఈ బళ్ళను చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేసి వినాలి. మొదటి రెండు మూడు సెకన్లలో వెనక నుంచి గొలుసు ఊపినట్టు గలగల వినిపిస్తే, ఆ బేరం అక్కడే ఆగి మెకానిక్ మాట వినాలి. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉందంటే, ఆ శబ్దం మీకు వినపడకూడదని ముందే స్టార్ట్ చేసి ఉంచారేమోనని అనుమానించండి. రేంజ్ రోవర్ స్పోర్ట్, డిస్కవరీలలోని మూడు లీటర్ల డీజిల్‌కు క్రాంక్‌షాఫ్ట్ విరగడం, బేరింగులు పోవడం పేరుపడ్డ సమస్య. అది వస్తే రిపేరు అన్న మాట ఉండదు, వేరే ఇంజన్ వెతుక్కోవాలి. ఆ బండి కొనేవాళ్ళు ఆయిల్ మార్పుల రసీదులు ఒక్కటి తగ్గినా వదిలేయడం మంచిది.

గేర్‌బాక్స్ విషయంలో ఒక అంకె గుర్తుంచుకుంటే చాలు. చాలా బ్రాండ్ల బళ్ళలో వాడే జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కు ఆయిల్ మార్చనక్కర్లేదని, అది జీవితకాలం పనిచేస్తుందని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. గేర్‌బాక్స్ తయారు చేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్ళకు మార్చమంటుంది. కార్ల కంపెనీ లెక్కలో జీవితకాలం అంటే ఎవరి జీవితకాలమో నాకు ఇప్పటికీ అనుమానమే. 95 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో ఈ ఆయిల్ మార్చిన రసీదు లేకపోతే ఆ ఖర్చు మీ ఖాతాలో రాసుకోండి. ఆయిల్ పాన్, ఫిల్టర్ కలిపి ఒకే ప్లాస్టిక్ ముక్కగా వస్తాయి, రెండూ మార్చాలి.

ఇక ఎయిర్ సస్పెన్షన్. స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల దగ్గర గాలి నింపిన రబ్బరు బెల్లోలు, వాటికి గాలి పంపే ఒక కంప్రెసర్, ఏ చక్రానికి ఎంత వెళ్ళాలో చూసే వాల్వ్ బ్లాక్. ఎనిమిది, పదేళ్ళకు రబ్బరు మడతల దగ్గర సన్నటి పగుళ్ళు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంటే కంప్రెసర్ మాటిమాటికీ లేచి నింపుతూ ఉంటుంది. అంత పని కోసం దాన్ని తయారు చేయలేదు కాబట్టి కొన్ని నెలలకు అదీ కాలిపోతుంది. అప్పుడు బెల్లో ఉండే ఒక్క స్ట్రట్ ఖర్చు కాస్తా స్ట్రట్, కంప్రెసర్, రిలే అన్నీ కలిసిన ఖర్చవుతుంది. దీన్ని పట్టుకోవడానికి స్కానర్ అక్కర్లేదు, కొలిచే టేపు చాలు. రాత్రి బండి ఆపాక నాలుగు చక్రాల మధ్యభాగం నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోవాలి. తెల్లారి స్టార్ట్ చేయకముందు మళ్ళీ కొలవాలి. ఒక మూల రెండు మూడు సెంటీమీటర్లు దిగిందంటే గాలి పోతున్నట్టే. అమ్మేవాడు రాత్రంతా బండి అట్టే ఉంచనంటే ఆ మాటకూ ఒక అర్థం ఉంది.

మనవాళ్ళు ఓడోమీటర్ మీద పెట్టే నమ్మకం నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఎనిమిదేళ్ళలో 38 వేలే తిరిగిందంటే ఎగిరి గంతేస్తారు. డీజిల్ బండికి ఇది మంచి వార్త కాకపోవచ్చు. సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. ఆ మసిని కాల్చి శుభ్రం చేసుకోవాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి రావాలి, దానికి ఆపకుండా కొంతసేపు వేగంగా నడవాలి. ఇంటి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి క్లబ్బుకు బంపర్ టు బంపర్ తిరిగిన బండికి ఆ అవకాశం దొరకదు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నా, దాని మీదికి నెలకోసారైనా వెళ్ళని డీజిల్ బండి కంటే, నెలకు నాలుగుసార్లు విజయవాడ వెళ్ళొచ్చిన లక్ష కిలోమీటర్ల బండే మేలు. పైగా కొన్ని వస్తువులు తిరిగినా తిరగకపోయినా పాతబడతాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి, టైర్ల రబ్బరు గట్టిపడుతుంది. టైరు పక్కన డాట్ గుర్తు దగ్గర చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లలో ఒకటి వేరే కంపెనీది, లేదా అరుగుదలలో బాగా తేడా ఉందంటే, ఆల్ వీల్ డ్రైవ్ బండిలో అది ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం వేస్తుంది.

బండి చూసే రోజున స్కానర్ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్ళడం తప్పనిసరి. పీ0016 అని వస్తే క్రాంక్‌కూ క్యామ్‌కూ లయ తప్పిందని, అంటే చైను మీద అనుమానం. పీ0299 టర్బో ప్రెజర్ తక్కువని, పీ2463 డీపీఎఫ్‌లో మసి పేరుకుందని. ఏ కోడూ రాకపోతే సంతోషించే ముందు ఇంకో పేజీ చూడమనండి. కోడ్లు నిన్న సాయంత్రం చెరిపేసి ఉంటే, బండి తనను తాను చేసుకునే పరీక్షలు "పూర్తి కాలేదు" అని చూపిస్తుంది. శుభ్రంగా ఉన్న స్కాన్ కంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ సమాచారం ఉంటుంది. ఓడోమీటర్ తిప్పేశారన్న అనుమానం ఉంటే బీఎండబ్ల్యూ తాళంచెవిని సర్వీస్ సెంటర్‌లో చదివించండి, కిలోమీటర్ల లెక్క అందులోనూ నిల్వ ఉంటుంది. ఏ బ్రాండ్‌కైనా పదిహేడు అక్షరాల చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ చరిత్ర అడగవచ్చు.

నీళ్ళలో మునిగిన బండి మాత్రం వేరే జాతి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ సెల్లార్లలో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్లన్నీ తుక్కులోకి పోలేదు. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తేలుస్తుంది. తర్వాత ఆ బండి వేలంలో అమ్ముడుపోతుంది, ఎవరో కొని, కడిగి, పాలిష్ పెట్టి నిలబెడతారు. లగ్జరీ బళ్ళలో కంట్రోల్ మాడ్యూళ్ళు చాలా వరకు సీట్ల కింద, డిక్కీ అడుగున ఉంటాయి కాబట్టి అడుగు ఎత్తు నీళ్ళే చాలు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, ఎంత కడిగినా చివరి జానెడులో మట్టి చార మిగిలిపోతుంది. సీటు పట్టాల మీద తుప్పు, స్పేర్ చక్రం గుంటలో బురద కూడా చూడాలి.

బీమా ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మామూలు ప్యాకేజీ పాలసీ ప్రమాదానికి డబ్బిస్తుంది, అరుగుదలకు, యాంత్రిక లోపానికి ఇవ్వదు. ప్రమాదంలో కూడా ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత పెడుతుంది. ఆ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ పాత బళ్ళకు దొరకడం కష్టం. అయితే పాలసీ కాగితం ఒక గూఢచారిలా పనికొస్తుంది. క్లెయిం లేని ఐదేళ్ళకు నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. యాక్సిడెంటే కాలేదని చెప్పిన ఎనిమిదేళ్ళ బండి పాలసీలో 20 శాతమే కనిపిస్తే, ఏమైందో అడగండి.

ఢిల్లీ బళ్ళ సంగతి కొంచెం వేరు. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళను రాజధాని ప్రాంతంలో తిరగనివ్వొద్దన్నాయి. 2025లో ఆ నిబంధన మళ్ళీ కోర్టుకెక్కింది. ధర పడటానికి కారణం అక్కడ వయసే గానీ రిపేరు కాదు, కాబట్టి మంచి బండి దొరికే అవకాశం నిజంగానే ఉంది. కానీ ఎన్వోసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు ఖర్చు ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసులో తెలుసుకోకుండా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకూడదు.

ఇప్పుడు బేరం. 22 లక్షల బండిలో టైర్లకు 1.4, ముందు రెండు స్ట్రట్లకు 2, గేర్‌బాక్స్ ఆయిల్‌కు 0.5, ఆయిల్ కూలర్ పనికి 1.1 లక్షలు తేలాయనుకోండి. మొత్తం 5 లక్షలు, ధరలో దాదాపు 23 శాతం. ఈ అంకెలు కూడా లెక్క కోసమే. మీ బండికి కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి ఒకటి, బయటి గ్యారేజీ నుంచి ఒకటి రాతపూర్వక కొటేషన్లు తెచ్చుకోవాలి. "మేమే చేయించి ఇస్తాం సార్" అంటే ఒప్పుకోవద్దు, వాళ్ళు చేయించేది చవకైన పని. అంత డబ్బు ధరలోంచి తగ్గించమనండి. తేలిన ఖర్చు 20 శాతం దాటి, ధర కదలకపోతే నేనైతే లేచి వచ్చేస్తాను. కదిలినా సరే, కొన్నాక మొదటి ఏడాదికి ధరలో 15 శాతం విడిగా ఉంచుకోవాలి. అది లేదంటే బడ్జెట్ ఇంకా కిందికి దించుకోవాలి.

కొన్నాక దాచిపెట్టిన లోపం బయటపడితే, ఎవరి దగ్గర కొన్నామన్నదాన్ని బట్టే దారి. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, ముందు ఆ సర్టిఫికెట్ చూపించమనండి. డీలర్ దగ్గర కొన్నవాళ్ళు వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే కేసు అక్కడే నడుస్తుంది, 20 నుంచి 50 లక్షల మధ్య అయితే ఫీజు 1,000 రూపాయలు. ప్రకటనలో, వాట్సాప్‌లో వాళ్ళు రాసిన "యాక్సిడెంట్ ఫ్రీ" లాంటి మాటలు, మీ స్కాన్ రిపోర్టు, కొటేషన్లు అక్కడ సాక్ష్యం. అమ్మింది మామూలు ఓనరైతే ఆ కమిషన్ తలుపు తెరుచుకోదు, సివిల్ కోర్టుకే వెళ్ళాలి. అందుకే నేరుగా ఓనరు దగ్గర కొనేవాళ్ళు డబ్బు కట్టేముందే కిలోమీటర్లు, ప్రమాదాలు, జరిగిన పెద్ద రిపేర్లు ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవాలి.